తువ్వాలు కింద సైకిల్ బాట

ఎమ్మిగనూరు ఎద్దుల సంతలో బడే సాబ్ నోటితో బేరం చేయగా చూసినవాళ్ళు లేరు. ఆయన దళారి. భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర మాట్లాడేవాడు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వేల రూపాయలన్నమాట. చాలకపోతే అవతలివాడు ఇంకో వేలు కలిపి పట్టుకుంటాడు. సరేననుకుంటే గట్టిగా నొక్కి వదిలేస్తాడు. నొక్కితే బేరం తెగినట్టే, ఇక దేవుడు దిగివచ్చినా మార్చేది లేదు. చుట్టూ ఎంతమంది మూగినా ఎంతకు తెగిందో ఎవరికీ తెలియదు. తెలిసిన దళారి చెప్పకూడదు. చెప్పాడంటే వాడి తువ్వాలు కింద మళ్ళీ ఎవడూ చెయ్యి పెట్టడు. బడే సాబ్ నలభై ఏళ్ళు ఈ పని చేసి ఒక్క బేరం కూడా బయటికి పొక్కనివ్వలేదు. బతికున్నన్నాళ్ళూ ఆయన భార్య ఈ ఒక్క విషయం మీదే ఆయనతో పోట్లాడేదట.

అలాంటి మనిషి ఆదోనిలో మా సైకిల్ సంఘానికి అధ్యక్షుడు ఎలా అయ్యాడంటే నవ్వొస్తుంది. తర్వాత జరిగింది తలుచుకుంటే కడుపు మండుతుంది. రెండూ చెప్తాను.

నా పేరు ఉమాదేవి. మిల్లు రోడ్డులో ఒక పత్తి మిల్లులో కాటా దగ్గర పని చేస్తాను. బండ్లు తూకం వేసి చీటీ రాసివ్వడం. నాకు నోరు ఎక్కువని మా వీధంతా అంటుంది. అననీ. కాటా దగ్గర నోరు లేకపోతే పత్తి వ్యాపారులు మనల్ని కూడా తూకం వేసి పంపించేస్తారు.

ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చాక సంతలో ఎద్దులు పలచబడ్డాయి. బడే సాబ్ ఎమ్మిగనూరు వదిలి ఆదోనిలో కూతురు ఇర్ఫానా దగ్గరికి వచ్చేశాడు. ఆ పిల్లకు మొగుడు పోయాడు. మా మిల్లులోనే గింజ తీసే మిషన్ దగ్గర పనిచేసేది. రోజూ ఆటోలో పదిమంది మీద పదకొండో మనిషిగా వేలాడుతూ వస్తున్న కూతుర్ని చూసి, ఒక రోజు ఆయన ఎక్కడినుంచో పాత లేడీస్ సైకిల్ నడిపించుకొచ్చాడు. చుట్టాలు ఊరుకుంటారా? ఆడబిడ్డను సైకిలెక్కించి బజార్లో తిప్పుతావా అని నిలదీశారు. తెల్లారి కూతురు సైకిల్ మీద, తాను వెనక నడుస్తూ మిల్లు దాకా వచ్చాడు. వారం తిరిగేసరికి ఆ పిల్ల వేగాన్ని అందుకోలేక తానూ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి! మా మిల్లు గేటు ముందే మురిక్కాలువలో పడ్డాడు. మేం పైకి లాగుతూ పడీపడీ నవ్వుతుంటే గడ్డం తుడుచుకుంటూ అన్నాడు:

"నవ్వండమ్మా, నవ్వండి. ఎద్దయితే యాటికి తిరుగుతాదో సెవులు సూస్తే తెలుస్తాది. దీనికి సెవులే ల్యావు గదా!"

ఇర్ఫానాను చూసి నేను నేర్చుకున్నాను. నన్ను చూసి తాయమ్మ, తాయమ్మను చూసి ఇంకా బోలెడుమంది. తాయమ్మది మా మిల్లులో బేళ్ళు కుట్టే పని. ఒక పొద్దున మిల్లు రోడ్డులో లారీ తగిలి ఆమె కాలు నుజ్జయింది. ఇప్పటికీ కుంటుతుంది, కానీ సైకిల్ మాత్రం వదల్లేదు. నడవలేనుగానీ తొక్కగలనంటుంది. ఆ దెబ్బ తర్వాతే మేం సంఘం పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాం. అందరం అరిచేవాళ్ళం. బడే సాబ్ మాత్రం అరవకుండా ఎదుటివాడు చెప్పిందంతా విని, చివర్లో ఒక్క మాట అనేవాడు. ఆ మాటకే పనయ్యేది. అందుకే ఆయన్ను పెద్దను చేసుకున్నాం. మొత్తానికి మిల్లు రోడ్డుకు ఒక పక్కగా పసుపు గుంజలు పాతి, సైకిళ్ళకని సన్నటి బాట విడదీశారు. ఆ రోజు మిల్లులో లడ్డూలు పంచాం.

ఆ తర్వాత రోడ్డు భద్రత కింద మా సంఘానికి ఏటా ప్రభుత్వ సాయం రాసాగింది. ఆడవాళ్ళకు సైకిల్ నేర్పడానికి, సైకిళ్ళవాళ్ళ కష్టసుఖాలు అధికారులకు చెప్పడానికి అని కాగితంలో స్పష్టంగా ఉంది. చెప్పడానికి అని! అది బాగా గుర్తుపెట్టుకోండి. ఆ సాయంతోనే ఇర్ఫానా మిల్లు మానేసి సంఘంలో నేర్పే పనికి వచ్చింది. మానక తప్పలేదు. పత్తి దుమ్ము ఆ పిల్ల ఊపిరితిత్తుల్లోకి దిగిపోయింది. ఇంకో రెండు సీజన్లు ఆ మిషన్ ముందు నిలబడితే మనిషి మిగలదని డాక్టరు బడే సాబ్‌తోనే చెప్పాడు. సంఘంలో చేరాక ఆ పిల్ల ముఖంలోకి రక్తం వచ్చింది. స్కూలు మైదానంలో ఆడవాళ్ళ సైకిళ్ళ వెనక పరుగెడుతూ "ముందు సూడక్కా, కింద గాదు!" అని కేకలు పెడుతుంటే బడే సాబ్ గోడ మీద కూర్చుని అదే పనిగా చూసేవాడు.

ఈ సీజన్ మొదట్లో పిడుగు పడింది. పట్టణ రోడ్ల కమిటీ అని ఒకటుంది. పత్తి లారీలు నిలబడ్డానికి చోటు చాలడం లేదు కాబట్టి మిల్లు రోడ్డులో పసుపు గుంజలు పీకేసి ఆ పక్కంతా లారీలకు ఇవ్వాలని వాళ్ళు అనుకుంటున్నారట. అభ్యంతరాలుంటే సమావేశానికి వచ్చి చెప్పుకోవచ్చట. ఆ కమిటీకి చైర్మన్ నాగేంద్ర. మా సంఘానికి వచ్చే సాయానికి ఏటా సిఫారసు చేసేదీ ఆయనే.

విన్నప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. గుంజలుంటేనే లారీవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపుతున్నారు. అవి పీకేస్తే? పోనీ మేం లేచి అడ్డం చెప్తే సాయం నిలిపేస్తారు. సాయం నిలిపేస్తే ఇర్ఫానా ఎక్కడికి పోతుంది? ఎటు ఆలోచించినా ఎవరో ఒకరు లారీ కిందో మిషన్ ముందో కనిపించేవాళ్ళు. కాటా దగ్గర అంకెలు తప్పు రాసి రెండుసార్లు తిట్లు తిన్నాను.

స్కూలు మైదానంలో సంఘం కూర్చుంది. కొంతమంది భయపడ్డారు. సర్కారు దుడ్డు తీసుకుని సర్కారు మీదే లేస్తే ఎట్లా అన్నారు. తాయమ్మకు ఒళ్ళు మండింది.

"సర్కారు దుడ్డంటే యెవురిదిప్పా? నాగేంద్ర వాళ్ళ నాయన ఆస్తా? మనం సబ్బు కొన్న్యా, సక్కెర కొన్న్యా పన్ను కడతాండాం గదా. నోరు ఇప్పమని ఇచ్చిన దుడ్డుతో నోరు మూసుకోమంటే యేం న్యాయం?"

ఇర్ఫానా ఒక పక్కన తల వంచుకుని కూర్చుంది. ఎవరూ ఆ పిల్ల వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి అందరం కష్టపడుతున్నాం, అది ఆ పిల్లకీ తెలుసు. చివరికి బడే సాబ్ అన్నాడు:

"తొందరపడొద్దండమ్మా. నాగేంద్ర నాయనకు నేను ఎన్ని జతల ఎద్దులు కొనిపిచ్చినానో. నేను ముందు మాట్లాడి వస్తా. మాట్లాడినాక గూడా గుంజలు పీకుతామంటే, సమావేశంలో నేనే లేస్తా."

నేనే లేస్తా అన్నాడు. అందరం విన్నాం.

నాగేంద్రకు ఎమ్మిగనూరు వైపు పొలం ఉంది, ఎద్దులంటే పిచ్చి. సంత రోజున తప్పకుండా అక్కడే ఉంటాడు. బడే సాబ్ బస్సెక్కుతుంటే నేనూ ఎక్కాను. ఎందుకమ్మా అన్నాడు. ఊరికే అన్నాను. నా మనసు కుదురుగా లేదని ఆయనకేం చెప్పను?

సంతలో అడుగుపెట్టగానే బడే సాబ్ నడకే మారిపోయింది. అప్పటిదాకా వంగి నడిచిన మనిషి నిటారుగా నడవసాగాడు. అటునుంచి ఒకడు "సలాం సాబన్నా" అంటాడు, ఇటునుంచి ఒకడు ఎద్దు పళ్ళు చూడమని పిలుస్తాడు. నాగేంద్ర ఒక తెల్ల కోడె పక్కన నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి మర్యాదగానే నవ్వాడు.

"రా సాబన్నా. మీ ఆడోళ్ళకు నా మీద శానా కోపమంట గదా? నువ్వే సెప్పు. పత్తి లారీలు యాడ నిలబెట్టాల? నా నెత్తి మీదనా?"

"ఊరి బయట ఖాళీ జాగా ఉంది గదప్పా."

"ఆడ నిలబెడితే హమాలీలు మోయరంట. సూడు సాబన్నా, నేను సెడ్డోన్ని గాదు. మీ సంఘం ఉండాల, నీ బిడ్డ సల్లగుండాల." అంటూ నాగేంద్ర దగ్గరికి జరిగాడు. ఇంకేదో మెల్లిగా అన్నాడు. కోడె మువ్వల చప్పుడులో నాకు వినబడలేదు. అంతలో తన భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పేశాడు.

చెయ్యి వెనక్కు తీసుకో అన్నా, తీసుకో అని లోపల్లోపల అరుస్తున్నాను. బడే సాబ్ చెయ్యి వెనక్కు తీసుకోలేదు. తువ్వాలు కింద ఏదో కదిలింది. మళ్ళీ కదిలింది. నాగేంద్ర ముఖం విప్పారింది. తువ్వాలు లాగి భుజాన వేసుకుని, బడే సాబ్ వీపు తట్టి, కోడెను చూసుకుంటూ వెళ్ళిపోయాడు. చుట్టూ ఉన్న నలుగురూ కూడా బేరం తెగిందన్నట్టు తలలూపి పక్కకు తప్పుకున్నారు. బడే సాబ్ మాత్రం ఉన్నచోటే నిలబడి తన అరచేతిని చూసుకుంటున్నాడు.

"ఏం తెగింది అన్నా?" అని అడిగాను.

"పోదాం పాండమ్మా."

ఆదోని చేరేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ తల అడ్డంగా ఊపాడు. మా కంటే ముందే ఆ కబురు మిల్లు చేరింది. సంతలో చూసినవాడెవడో చెప్పాడట. మర్నాడు తాయమ్మ కాటా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ముసలాయన మనల్ని అమ్మేసినాడంట గదా? నువ్వు ఆడనే ఉన్న్యావంట, యెంతకు తెగింది సెప్పు!"

నాకు తెలియదంటే నమ్మలేదు. నువ్వూ ఆయనతో కలిసే ఉన్నావా అన్నట్టు చూసింది. ఏం చెప్పాలో తెలియక ఆమెను కసిరి పంపించాను. నా భయమంతా కోపమైపోయింది. భోజనం గంటలో నేరుగా బడే సాబ్ ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు, పక్కన అన్నం కంచం ముట్టకుండా ఉంది.

"ఏమన్నా, మాకేమైనా చెప్తావా చెప్పవా? తువ్వాలు కింద యేం జేసుకొచ్చినావు? తాయమ్మ కాలు నలిగినప్పుడు ఏడ్చింది నువ్వే గదా! ఆ ఏడుపంతా యాటికి పాయె?" ఇంకా చాలా అన్నాను. అనకూడనివీ అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "తువ్వాలు కింద మాట సెప్పగూడదు ఉమమ్మా. అడగొద్దు. నీకు దండం పెడతా."

వెళ్ళిపోతుంటే ఇర్ఫానా వీధి మలుపు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మా అబ్బా నిన్నటినించి మెతుకు ముట్టల్యా. నా కోసమే యేదో ఒప్పుకున్న్యాడని నాకు తెలుస్తాంది. నా కోసమైతే వద్దని నువ్వన్న్యా సెప్పక్కా. నేను సెప్తే ఇనడు. మూతికి గుడ్డ కట్టుకోని మిల్లుకు పోతా, యేమైతాది?"

ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నేను చెయ్యి విడిపించుకుని మిల్లుకు వచ్చేశాను.

సమావేశం రోజు మా వాళ్ళంతా సెలవు చీటీలు పెట్టి వచ్చారు. బడే సాబ్ మా అందరికంటే ముందే వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. మేం వెనక కూర్చున్నాం. ఆయన పక్క కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి. ఇర్ఫానా ఒక్కతే ముందుకుపోయి తండ్రి పక్కన కూర్చుంది. నాగేంద్ర వేదిక మీద నలుగురు సభ్యుల మధ్య ఉన్నాడు. లారీలవాళ్ళు మాట్లాడారు, మిల్లు యజమానుల తరఫున ఒకాయన మాట్లాడాడు. వాళ్ళు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. సీజన్‌లో లారీలు నిజంగానే నడిరోడ్డు మీద గంటల తరబడి నిలబడిపోతున్నాయి. కానీ పక్కనున్న తాయమ్మ కాలు చూస్తుంటే ఆ న్యాయం నా తలకెక్కడం లేదు.

"సైకిల్ సంఘం నుంచి ఎవరైనా మాట్లాడతారా?" అని సభ్యుల్లో ఒకామె అడిగింది. నాగేంద్ర బడే సాబ్ వైపు చూసి చిన్నగా నవ్వాడు, ఆ వెంటనే "ఎవరూ లేనట్టుంది" అన్నాడు. బడే సాబ్ కదల్లేదు. నేనే లేద్దామని కుర్చీ పట్టుకున్నాను. ఆ లోపలే ఆయన లేచాడు.

"నేనున్న్యా సామీ" అన్నాడు. "నాకు సదువు ల్యాదు. ఎద్దుల దలారీని. తువ్వాలు కింద జరిగింది బయట సెప్పగూడదు. నలభై ఏండ్లు నేను సెప్పల్యా. ఈపొద్దు సెప్తాండా. మొన్న సంతలో చైర్మన్ సారు నా చెయ్యి పట్టుకున్న్యాడు. సమావేశంలో నేను లేయకుంటే సంఘానికి మూడేండ్లు దుడ్డు ఇప్పిస్తానని మూడు వేళ్ళు పట్టినాడు."

హాలంతా గోల లేచింది. నాగేంద్ర ముఖం మాడిపోయింది. "ముసలాయనకు ఒంట్లో బాగలేదు, కూసోబెట్టండి" అన్నాడు. తాయమ్మ వెనకనుంచి కేక పెట్టింది. బడే సాబ్ చెయ్యి ఎత్తి మమ్మల్నే ఆపాడు.

"కూసోండమ్మా, అరవద్దండి. నేను ఇంకా సెప్పల్యా. మూడనంగానే నేను చెయ్యి యెనక్కు తీసుకోవాల్సింది. తీసుకోల్యా. నాలుగో వేలు పట్టినా. ఇంకో ఏడాది అడిగినా. ఆయన నొక్కినాడు. బేరం తెగిపాయె."

ఇర్ఫానా రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"మూడు పడితే నాలుగు పట్టడం ఈ చేతికి అలవాటైపాయె. మనసు ఒప్పుకునే లోపలే చెయ్యి అడిగేసింది. అలవాటని నా మనసుకు శానా సెప్పుకున్న్యా. అబద్ధం. నా బిడ్డ ఊపిరి కోసం అడిగినా. నాలుగేండ్లు నా బిడ్డ ఆ దుమ్ములోకి పోదు గదా అనుకున్న్యా." ఆయన వెనక్కి తిరిగి మా వైపు చూశాడు. "కానీ యజమాని ల్యాకుండా దలారీ ఎద్దును అమ్మగూడదు సామీ. అట్ల అమ్మితే దాన్ని దొంగతనమంటారు. ఆ రోడ్డు నాది గాదు. దాని యజమానులు నా యెనక కూసున్న్యారు. గుంజలు పీకొద్దండి. అంతే నేను సెప్పేది."

కూర్చుంటూ కుర్చీ అంచు అందక తూలాడు. ఇర్ఫానా పట్టుకుంది. నేను లేచి ముందుకు పోయి ఆయన రెండో పక్కన కూర్చున్నాను. ఇంత నోరున్నదాన్ని, ఆ రోజు నోరు పెగల్లేదు.

సభ్యులు ఆ విషయాన్ని అప్పటికి ఆపేశారు. తర్వాత నాగేంద్ర పక్కకు తప్పుకుంటే మిగతావాళ్ళు తేల్చారు. గుంజలు అలాగే ఉన్నాయి. లారీలకు ఊరి బయట జాగా చూస్తున్నారు. మా ఆడవాళ్ళు పొద్దున్నే గుంపుగా ఆ బాటలోనే వస్తున్నారు, తాయమ్మ అందరికంటే ముందు. మనం గెలిచినామని అందరితోనూ చెప్పుకుంటుంది.

ఆ తేల్చిన కాగితంలోనే ఇంకో మాట కూడా ఉంది. ప్రజల సొమ్మును అడ్డం పెట్టుకుని బేరమాడినట్టు సంఘం అధ్యక్షుడే ఒప్పుకున్నాడు కాబట్టి, ఆ సంఘానికి ఇక సాయం ఇవ్వడం తగదని. నేను ఆఫీసులో ఎగిరిపడ్డాను. దాచిపెట్టి ఉంటే నాలుగేళ్ళు ఇచ్చేవాళ్ళు, నిజం చెప్పినందుకు ఆపేస్తారా అని అడిగాను. వాళ్ళు రాసుకున్నారు, పరిశీలిస్తామన్నారు. ఎప్పటికి పరిశీలిస్తారో ఆ దేవుడికే తెలియాలి. ఆ తర్వాత ఎమ్మిగనూరు సంతకు పోతే బడే సాబ్‌కు సలాం కొట్టారు, టీ ఇప్పించారు. తువ్వాలు కింద మాత్రం ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. ఆయన ఇప్పుడు సంతకు పోవడమే మానేశాడు.

ఇర్ఫానా మళ్ళీ మిల్లులో చేరింది. మూతికి గుడ్డ కట్టుకుని అదే మిషన్ ముందు నిలబడుతోంది. నా కాటా గదికీ ఆ షెడ్డుకీ మధ్య ఒక రేకు గోడ ఉంది. మిషన్ ఆగినప్పుడల్లా ఆ పిల్ల దగ్గు నాకు వినిపిస్తుంది. సాయంత్రం బడే సాబ్ సైకిల్ పట్టుకుని గేటు దగ్గరికి వస్తాడు. కూతురు బయటికి వచ్చే లోపల నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడుగుతాడు.

"ఈపొద్దు దగ్గిందా ఉమమ్మా?"

"లేదన్నా," అంటాను. "ఒక్కసారి గూడా దగ్గల్యా."